భాగహారం అక్కరలేని ప్రధాన సంఖ్య

2024 అక్టోబరులో ప్రకటించిన, అప్పటికి తెలిసినవాటిలో అతి పెద్ద ప్రధాన సంఖ్య గురించి చదివినవారికి, నాలుగు కోట్లకు పైగా అంకెలున్న సంఖ్యకు కారణాంకాలు లేవని ఎలా తేల్చారన్న సందేహం కలగడం సహజం. 2^136279841 నుంచి 1 తీసివేస్తే వచ్చే ఆ సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయి. చిన్న ప్రధాన సంఖ్యలతో వరుసగా భాగించి చూడాలంటే ఎన్ని యుగాలైనా చాలవు. ఆ పనిని సాధ్యం చేసింది సంఖ్య రూపమే.

2^p − 1 రూపంలో ఉండే ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. ఫ్రెంచి గణితవేత్త ఎడ్వార్డ్ లూకా 19వ శతాబ్దిలో కనిపెట్టగా, తరువాత అమెరికా గణితవేత్త డి. హెచ్. లెహ్మర్ తీర్చిదిద్దిన పరీక్ష వీటి కోసమే పుట్టింది. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసివేసి, పరీక్షిస్తున్న సంఖ్యతో భాగిస్తే వచ్చే శేషాన్ని మాత్రమే ఉంచుకోవాలి. ఇలా p − 2 సార్లు చేశాక సున్నా మిగిలితే అది ప్రధాన సంఖ్య, మిగలకపోతే కాదు. 127కు, అంటే 2^7 − 1కు, ఈ వరుస 4, 14, 67, 42, 111, 0.

ఇందులో నన్ను అమితంగా ఆకర్షించేది ఆ శేషం దొరికే తీరు. 67 వర్గంలోంచి 2 పోతే 4487. దీన్ని 127తో భాగించనక్కరలేదు. 128 చొప్పున కట్టలు కడితే 35 కట్టలు, విడిగా 7 వస్తాయి. కట్టకు 127 తీసేస్తే ఒక్కటే మిగులుతుంది కనుక 35కు 7 కలిపితే చాలు, శేషం 42. 0, 1 అంకెలనే వాడే ద్విసంఖ్యామానంలో నడిచే కంప్యూటరుకు కట్టలు కట్టే శ్రమ కూడా లేదు: కుడి నుంచి ఏడు స్థానాల దగ్గర సంఖ్యను రెండుగా విడదీసి, ఆ రెంటినీ కూడుతుంది. అంకెల మొత్తాన్ని బట్టి 9తో భాగింపబడుతుందో లేదో చెప్పే సూత్రానికీ ఇదే మూలం, ఎందుకంటే 9 కూడా 10 కంటే ఒకటే తక్కువ. బడిలో ఆ సూత్రాన్ని బట్టీ పట్టించి ఈ కారణాన్ని చెప్పకపోవడం పిల్లలకు నిజమైన నష్టం. పేరులోని అక్షరాలకు అంకెలు కట్టి, వాటిని కూడి భవిష్యత్తు చెప్పేవారిని నమ్మేవారు కూడా, ఆ మొత్తం మనం పది ఆధారంగా లెక్కించడం వల్ల వచ్చిందేనని గ్రహించాలి.

కొత్త సంఖ్యకు ఇలాంటి మెట్లు 13,62,79,839. మెట్టుమెట్టుకూ కోట్ల అంకెల సంఖ్యను వర్గం చేయాలి. మామూలు గుణకారంతో అది కుదరదు కాబట్టి పెద్ద గుణకారాలను వేగంగా చేయించే ఫూరియర్ రూపాంతరం అనే గణిత పద్ధతిని వాడతారు. డబ్లిన్‌లోని ఒక గ్రాఫిక్ ప్రాసెసర్ మొదట మరో పరీక్షతో ఇది ప్రధాన సంఖ్య కావచ్చని ఆశ చూపగా, టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఉన్న మరొకటి లూకా–లెహ్మర్ పరీక్షతో నిర్ధారించింది.

అయితే ఈ పరీక్ష ఒక సంఖ్య ప్రధాన సంఖ్య కాదని చెప్పినప్పుడు కారణాంకాలేవో చెప్పదు. 2^67 − 1 ప్రధాన సంఖ్య కాదని లూకా 1876లోనే చూపినా, అది 193707721 × 761838257287 అని అమెరికా గణితవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్ 1903లో గాని చూపలేకపోయాడు.