క్లిప్పులు తీశాక పళ్లు ఎందుకు కదులుతాయి? నూరేళ్లు దాటిన వెతుకులాట

క్లిప్పులు వేసి పళ్లను వరుసలోకి తేవడానికి మామూలుగా ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. అవి తీసేసిన రోజున, పళ్లు మళ్లీ కదలకుండా పట్టి ఉంచడానికి చేతిలో పెట్టే రిటైనర్‌ని ఎన్నాళ్లు వాడాలని అడిగితే మాత్రం, ఈ రోజుల్లో ఆర్థోడాంటిస్టులు (పళ్ల వరుస సరిచేసే వైద్యులు) ఎక్కువగా చెప్పే మాట: పళ్లు వరుసగా ఉండాలని మీరు కోరుకున్నన్నాళ్లూ. ఒకప్పుడు ఇదే ప్రశ్నకు ఒకటి రెండేళ్లు చాలు అనేవాళ్లు. ఈ మధ్యలో పళ్ల స్వభావం ఏమీ మారలేదు, వైద్యుల నమ్మకం మారింది. అదీ ఒక్కరోజులో కాదు, పెట్టుకున్న ఆశలు ఒక్కొక్కటే వమ్మయ్యాక మారింది.

పన్ను దవడ ఎముకలో మేకులా దిగి ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య సన్నని నారపోగుల పొర ఉంటుంది. పన్ను మీద చిన్న బలం నిలకడగా పడితే ఒక పక్క ఎముక కరుగుతుంది, రెండో పక్క కొత్త ఎముక పుడుతుంది, పన్ను ఆ దారిన జరుగుతుంది. క్లిప్పులు పనిచేసేది ఇలాగే. అవి తీసేశాక పెదవి, బుగ్గ, నాలుక, సాగిన చిగురు ఇవన్నీ పెట్టే ఒత్తిడికి పన్ను జరిగేదీ ఇలాగే. వైద్యుడు పెట్టిన బలమేదో మిగతా బలాలేవో పన్నుకి తెలియదు కదా.

పళ్లను కదిలించడం పాత విద్యే. ఫ్రాన్స్ దంతవైద్యుడు పియర్ ఫోషార్ 1728లోనే లోహపు పట్టీకి పళ్లను దారాలతో కట్టి సరిచేసే పద్ధతిని రాసిపెట్టాడు. కదిపిన పన్ను అక్కడే నిలవాలంటే ఏం చేయాలన్న చర్చ మాత్రం 19వ శతాబ్దం చివర్లో ఊపందుకుంది. అమెరికాలో నార్మన్ కింగ్‌స్లీ 1880లో ఒక జవాబు చెప్పాడు. పై పళ్లూ కింది పళ్లూ ఒకదాంట్లో ఒకటి సరిగ్గా కూర్చుంటే, ఆ అమరికే వాటిని కదలనివ్వదన్నాడు. ఆ అమరికనే బైట్ అంటారు. బైట్ కుదిరితే చాలు, పళ్లు నిలుస్తాయన్నమాట.

ఈ ఆలోచనను సిద్ధాంతంగా నిలబెట్టినవాడు ఎడ్వర్డ్ యాంగిల్. పళ్ల అమరికను మొదటి పెద్ద దవడ పన్ను ఆధారంగా మూడు తరగతులుగా విడదీస్తూ 1899లో అతను చేసిన వర్గీకరణనే ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. పళ్లన్నిటికీ నోట్లో చోటు ఉండి తీరుతుందని యాంగిల్ గట్టిగా నమ్మాడు. వరుసను వెడల్పు చేసి అన్నిటినీ సరైన బైట్‌లో కూర్చోబెడితే, నమిలే పని వల్ల ఎముకే పెరిగి వాటిని పట్టుకుంటుందన్నాడు. మంచి పన్నును పీకడం అతని దృష్టిలో ఓటమి ఒప్పుకోవడమే. కొన్ని కేసుల్లో పళ్లు తీయక తప్పదని వాదించిన కాల్విన్ కేస్‌కీ యాంగిల్ వర్గానికీ మధ్య 1911లో పెద్ద వాగ్వాదమే జరిగింది. అప్పటికి యాంగిల్ మాటే నెగ్గింది. అతనికి శిష్యబలం ఎక్కువ. ఎవరి చేతుల్లో పళ్లు ఎక్కువకాలం నిలిచాయో కొలిచి చూసిన లెక్కలు ఇద్దరి దగ్గరా లేవు.

లెక్క చూసుకున్నది యాంగిల్ శిష్యుడే, చార్ల్స్ ట్వీడ్. గురువు చెప్పినట్టే ఒక్క పన్నూ తీయకుండా చికిత్స చేస్తూ వచ్చి, తన పాత పేషెంట్లను మళ్లీ చూసి కంగుతిన్నాడు. చాలామందికి పళ్లు మళ్లీ ఇరుకైపోయాయి, మూతి ముందుకు పొడుచుకొచ్చింది. అలాంటివాళ్లకు నాలుగు ప్రీమోలార్లు (కోరపళ్లకీ పెద్ద దవడ పళ్లకీ మధ్య ఉండే పళ్లు) తీసి, కింది ముందుపళ్లను ఎముక మీద నిటారుగా నిలబెట్టి మళ్లీ చికిత్స చేశాడు. అలా రెండుసార్లు చేసిన వంద కేసుల రికార్డులను 1940లో తోటి వైద్యుల ముందు పెట్టాడు. ఆస్ట్రేలియాలో రేమండ్ బెగ్ వేరే దారిలో ఇదే నిర్ణయానికి వచ్చాడు. ఇక ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాలు పళ్లు తీసి చోటు చేయడమే పద్ధతైపోయింది. చోటు ఉంటే పళ్లు ఇరుక్కోవు, ఇరుక్కోకపోతే కదలవు అనుకున్నారు. వినడానికి సబబుగానే ఉంది.

అది సబబో కాదో తేల్చింది సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ. రిచర్డ్ రీడెల్, రాబర్ట్ లిటిల్, వాళ్ల సహచరులు అక్కడ ఓపిగ్గా ఒక పని పెట్టుకున్నారు. చికిత్స అయిపోయి, రిటైనర్ కూడా ఆపేసి ఏళ్లు గడిచినవాళ్లను మళ్లీ పిలిపించి, పళ్ల అచ్చులు తీసి పాత అచ్చుల పక్కన పెట్టి కొలిచారు. కొలవడానికి లిటిల్ 1975లో ఒక సూచిక ప్రకటించాడు. కింది వరుసలో ముందున్న ఆరు పళ్లు ఒకదానికొకటి ఆనాల్సిన చోట్లు ఐదు. ఆ ఐదు చోట్లా అవి ఎంతెంత పక్కకు తప్పాయో మిల్లీమీటర్లలో కొలిచి కూడితే వచ్చే అంకె అది. 3.5 మిల్లీమీటర్ల దాకా ఫర్వాలేదు, దాటితే వరుస చెడినట్టు.

1981లో బయటపెట్టిన ఫలితాలు ఆ రంగాన్ని కుదిపేశాయి. నాలుగు ప్రీమోలార్లు తీసి చికిత్స చేసిన 65 మందిని, రిటైనర్ ఆపిన పదేళ్లకో ఇంకా తర్వాతో చూస్తే, దాదాపు మూడింట రెండొంతుల మందికి కింది ముందుపళ్ల వరుస చెడింది. 1988లో లిటిల్, రీడెల్, ఆర్టున్ కలిసి ఇరవై ఏళ్ల దాకా వెళ్లి చూశారు. వరుస బాగుందనదగ్గవాళ్లు పది శాతమే తేలారు. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టిన సంగతి వేరే ఉంది. ఎవరి పళ్లు నిలుస్తాయో ఎవరివి కదులుతాయో ముందే చెప్పగల గుర్తు ఒక్కటీ దొరకలేదు. మొదట్లో పళ్లు ఎంత ఇరుకుగా ఉన్నాయి, ఏ వయసులో చికిత్స జరిగింది, ఆడా మగా, యాంగిల్ లెక్కలో ఏ తరగతి, ఏదీ పనికి రాలేదు.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకే యూనివర్సిటీ, కొద్దిమంది పేషెంట్లు. పైగా ఆ కొలత ఆరు పళ్లకే పరిమితం, చికిత్సతో వచ్చిన మిగతా లాభాల గురించి అది ఏమీ చెప్పదు. కాబట్టి చికిత్సలన్నీ దండగ అని దీన్నుంచి తేల్చడం తప్పు. అయినా, సరైన చోట పెడితే పన్ను తనంతట తానే నిలుస్తుందన్న నమ్మకానికి ఆ లెక్కల తర్వాత గట్టి ఆధారం మిగల్లేదనే నా అభిప్రాయం.

మరి పళ్లు ఎందుకు కదులుతున్నట్టు? కారణాలు రెండు రకాలు. ఈ రెండూ కలిసిపోవడం వల్లే ఇన్నాళ్లూ గందరగోళం. మొదటిది వెనక్కి లాగే గుణం. నార్వే శాస్త్రవేత్త కారె రైటన్ కుక్కల పళ్లను మెలితిప్పి, తర్వాత కదలకుండా పట్టి ఉంచి పరీక్షించాడు. ఎముకలో ఉన్న నారపోగులు కొన్ని నెలల్లో కుదురుకున్నాయి. చిగురులో ఉన్నవి మాత్రం 232 రోజుల తర్వాత కూడా సాగి, బిగుసుకునే ఉన్నాయని 1959లో రాశాడు. మెలితిరిగిన పన్నును సరిచేస్తే అది మళ్లీ తిరగాలని చూసేది ఇందుకే. జాన్ ఎడ్వర్డ్స్ 1970లో ఆ చిగురు పోగులను పన్ను చుట్టూ కోసేసే చిన్న సర్జరీని ప్రతిపాదించాడు. దాంతో మెలితిరగడం కొంత తగ్గింది, సమస్య మాత్రం తీరలేదు.

రెండో కారణానికి చికిత్సతో సంబంధమే లేదు. సింక్లెయిర్, లిటిల్ 1983లో జీవితంలో క్లిప్పులే వేయించుకోని 65 మంది పళ్లను చిన్నప్పటి నుంచి పెద్దయ్యేదాకా పోల్చి చూశారు. వాళ్లలోనూ దవడ వరుస పొడవు తగ్గింది, కింది ముందుపళ్లు కొద్దికొద్దిగా ఇరుకయ్యాయి. రోల్ఫ్ బెరెంట్స్ 1985లో, చిన్నప్పటి ఎక్స్‌రేలు దాచి ఉన్న మనుషులను పెద్ద వయసులో మళ్లీ పరీక్షించి, ముఖం ఎముకలు పెద్దయ్యాక కూడా మారుతూనే ఉంటాయని చూపించాడు. అంటే పదిహేనేళ్ల వయసులో సరిచేసిన పళ్లను నలభైలో చూసి చికిత్స ఫెయిలైందనడం, ముడతలు పడ్డాయని చర్మవైద్యుణ్ణి తిట్టడం లాంటిది.

పాపం జ్ఞానదంతాల మీద కూడా చాలాకాలం నింద పడింది. వెనక నుంచి అవి తోయడం వల్లే ముందుపళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయని, ఆ ఒక్క కారణానికే వాటిని ఎందరికో తీసేశారు. బ్రిటన్‌లో హారడైన్, అతని సహచరులు కొందరికి తీసి, కొందరికి ఉంచి పోల్చిన ప్రయోగం 1998లో వెలువడింది. ముందుపళ్లు ఇరుకవకుండా ఆపడానికని జ్ఞానదంతాలు తీయడం సమర్థనీయం కాదని తేల్చింది. అవి నొప్పి పెట్టి, చీము పట్టి తీయాల్సి రావడం వేరే సంగతి.

ఇక మిగిలింది రిటైనర్. అంగిలికి ఆనే ప్లాస్టిక్ పలక, ముందు తీగ ఉండే హాలీ రిటైనర్‌కి నూరేళ్లు దాటాయి. పళ్ల వెనక తీగ అంటించే పద్ధతి రావడానికి జిగురు కావాలి. మైకేల్ బూనోకోర్ 1955లో పంటి పైపొర ఎనామెల్‌ని ఆసిడ్‌తో గరుకు చేసి అంటించవచ్చని చూపించాకే దానికి దారి పడింది. 1970ల్లో అలాంటి తీగలు వాడుకలోకి వచ్చాయి. పారదర్శక ప్లాస్టిక్ తొడుగును రాబర్ట్ పోనిట్జ్ 1971లో పరిచయం చేశాడు, 1990ల్లో జాన్ షెరిడన్ దాన్ని జనంలోకి తెచ్చాడు. వీటిలో ఏది మేలని కొక్రేన్ సంస్థ అధ్యయనాలన్నిటినీ జల్లెడ పట్టి సమీక్షలు వెలువరిస్తూనే ఉంది. ఒకదాన్ని గట్టిగా గెలిపించే ఆధారం 2023 సమీక్షలోనూ దొరకలేదు.

అంటించిన తీగ గుర్తుపెట్టుకోవాల్సిన పని తప్పిస్తుంది గానీ, దాని చుట్టూ గార పేరుకుంటుంది. ఒక పన్ను దగ్గర జిగురు ఊడినా చాలామందికి తెలియదు. తీగ వంగో, మెలిపడో తానే పళ్లను పక్కకు నెట్టిన కేసులు కూడా 2007 నుంచి వైద్య పత్రికల్లో వస్తున్నాయి. తీసిపెట్టుకునే రకానికి ఉన్న జబ్బు ఒకటే, పెట్టుకోకపోవడం.

నిజం చెప్పాలంటే, జరిగిందేమిటంటే భారం చేతులు మారింది. సరైన ప్లాన్ వేస్తే పళ్లు వాటంతటవే నిలుస్తాయని ఒకప్పుడు వైద్యుడు తన మీద వేసుకున్న బాధ్యత, ఇప్పుడు రోజూ రాత్రి పడుకునే ముందు రిటైనర్ పెట్టుకోవాల్సిన పేషెంటు మీదికి వచ్చింది. ఆధారాలను బట్టి ఈ మార్పు సరైనదే. కానీ ఆ మాట క్లిప్పులు తీసిన రోజు కాదు, వేయకముందే చెప్పాలి. రిటైనర్ పోతే మళ్లీ చేయించుకోవాలి, తీగను ఏటా ఎవరో ఒకరు చూడాలి, ఆ ఖర్చూ చికిత్సలో భాగమే. ఆర్థోడాంటిస్ట్ దగ్గర ఫైలు మూసేశాక ఆ తీగను చూడాల్సింది ఎవరన్నది చాలాచోట్ల ఇంకా తేలలేదు. మామూలు డెంటిస్టు అది తన పని కాదనుకుంటాడు, పేషెంటుకి అసలు చూపించుకోవాలనే తెలియదు. కొన్నాళ్లు వదిలేసి మళ్లీ పెట్టుకున్నప్పుడు రిటైనర్ బిగుతుగా తగిలితే పళ్లు అప్పటికే కాస్త కదిలాయని అర్థం. అస్సలు ఎక్కకపోతే బలవంతంగా నొక్కకుండా డాక్టర్‌కి చూపించుకోవాలి.