ఇంటి చదువు: నల్లగొండ, పాలమూరు వైపు అపోహలు, వాస్తవాలు

అపోహ: ఇంట్లో చదివించేవాళ్లంతా హైదరాబాద్‌లోనే ఉంటారు, మన దిక్కు ఎవరూ లేరు.

ఉన్నారు. కాకపోతే వాళ్లు "హోమ్‌స్కూలర్లం" అని చెప్పుకోరు. అందుకే ఆ పేరుతో వెతికితే దొరకరు. పనిరోజున ఉదయం పదకొండింటికి బడి ఈడు పిల్లలు ఎక్కడ కనిపిస్తారో అక్కడ అడగాలి: జిల్లా గ్రంథాలయంలో పిల్లల పుస్తకాల దగ్గర, స్టేడియంలో, చెస్ లేదా సంగీతం నేర్పే సార్ల దగ్గర. ఏ పిల్లలు పగటిపూట బ్యాచ్ అడుగుతారో ఆ సార్లకు బాగా తెలుసు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాలను చాలామంది మర్చిపోతారు. అలాంటి పిల్లలను ఇంటి దగ్గరే చదివించే తల్లులు అక్కడికి వస్తుంటారు. ఓపిక గురించి వాళ్లు ఇచ్చే సలహా ఇంకెక్కడా దొరకదు. దేశవ్యాప్తంగా స్వశిక్షణ్ అనే ఇంటి చదువుల కుటుంబాల సంఘం ఉంది. అక్కడ అడిగేటప్పుడు "తెలంగాణ" అని ఊరుకోకుండా మిర్యాలగూడ, దేవరకొండ, వనపర్తి, గద్వాల అని ఊరు పేరు రాయండి, పిల్లల వయసులు రాయండి.

అపోహ: వాట్సాప్ గ్రూపు పెడితే సంఘం అయినట్టే.

గ్రూపులో వందమంది ఉన్నా పిల్లలకు ఆడుకునే తోడు దొరకదు. మూడు కుటుంబాలు చాలు. వారంలో ఒకే రోజు, రెండు గంటలు. ఎవరు రాకపోయినా ఆ రోజు మార్చొద్దు. ఇలాంటి గుంపులు ఆగిపోవడానికి కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే: ప్రతిసారీ ఒకే ఇంట్లో పెట్టి ఆ ఇంటి తల్లి అలసిపోవడం, బస్సులో గంటకు మించి ప్రయాణం, మొదటి నెలలోనే సిలబస్ మీద పంచాయితీ. చోటు వంతులవారీగా మార్చుకోండి. తిండి ఎవరిది వాళ్లు తెచ్చుకోండి. డబ్బు వసూలు మొదటి ఆరు నెలలు పెట్టుకోకపోవడమే మంచిది.

అపోహ: అన్‌స్కూలింగ్ (సిలబస్ పెట్టుకోకుండా పిల్లల ఆసక్తిని బట్టి నేర్పడం) అంటే పిల్లలను గాలికొదిలేయడం.

పిల్లల ఆసక్తి వెంట నడవాలంటే పెద్దలకు పని ఎక్కువ. మన నీళ్లనే తీసుకోండి. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లకు సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలిపి శుద్ధి చేసే విధానాన్ని నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించింది. దాని పేరే నల్లగొండ టెక్నిక్. బ్లీచింగ్ లేకుండా రెండు సీసాల బోరు నీళ్లతో చేసి చూడొచ్చు: ఒక సీసాలో చిటికెడు సున్నం, ఆపై పటిక నీళ్లు పోసి ముందు జోరుగా, తర్వాత మెల్లగా కలపాలి. దూదిపింజల్లాంటి ముద్దలు కట్టి మెల్లగా అడుగుకు దిగుతాయి. ఏమీ కలపని రెండో సీసా అలాగే ఉంటుంది. ఆరేళ్ల పాప కలుపుతుంది, పదేళ్ల బాబు గడియారం చూస్తాడు, పదమూడేళ్ల పిల్ల తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్న లెక్క ట్యాంకుకు ఎంతవుతుందో కడుతుంది. ఆ నీళ్లు మాత్రం తాగనివ్వొద్దు. ఫ్లోరైడ్ తగ్గిందో లేదో చెప్పాల్సింది ల్యాబే. వయసులు కలిసిన గుంపు ఎందుకు కావాలో ఇలాంటి రోజున అర్థమవుతుంది.

అపోహ: బడికి పంపకపోతే కేసు పెడతారు.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. చేర్పించని తల్లిదండ్రులకు శిక్ష మాత్రం అందులో రాయలేదు. తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే హక్కును 2012 సవరణ ఇచ్చింది. మిగతావాళ్ల విషయంలో ఇంటి చదువు గురించి చట్టంలో స్పష్టమైన మాట లేదు. కనుక "జైలే" అనేవాళ్లనూ, "పూర్తిగా లీగల్" అని ధీమా ఇచ్చేవాళ్లనూ పక్కన పెట్టండి. పిల్లలను బడిలో చేర్పించే బడిబాట కార్యక్రమంలో టీచర్లు ఇంటికొస్తే వాదన వద్దు. తేదీ, చదివింది, చేసింది రాసిన నోట్‌బుక్ చూపించండి. మనసు మారితే తిరిగి బడికి వెళ్లే దారి మూసుకుపోదు: 14 ఏళ్లలోపు పిల్లలను ప్రవేశ పరీక్ష లేకుండా వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని అదే చట్టం చెప్తుంది.

అపోహ: పదో తరగతి సర్టిఫికెట్ రాదు.

వస్తుంది. 14 ఏళ్లు నిండితే జాతీయ ఓపెన్ స్కూల్ అయిన ఎన్‌ఐఓఎస్‌లో గానీ తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో గానీ పదోతరగతి రాయొచ్చు. ఎన్‌ఐఓఎస్‌లో ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలుంటాయి, తెలుగు మాధ్యమం ఉంది. అసలు తప్పు సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడే జరుగుతుంది. కష్టమని లెక్కలు వదిలేస్తే ఆపై పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష అయిన పాలిసెట్ రాయడానికి అర్హత ఉండదు. "రాయకుండానే పాస్ చేయిస్తాం" అనే ఏజెంటు దగ్గరికి అస్సలు పోవద్దు.

అపోహ: బడి లేకుంటే రేపు ఉద్యోగాలకు లోకల్ పోతుంది.

దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఉద్యోగాల్లో స్థానికతను 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కడ చదివారన్న దాన్నిబట్టి చూస్తారు. బడికి వెళ్లనివాళ్లకు తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రం ఆధారం. ఉద్యోగాల కోసం జిల్లాలను జోన్లుగా విడదీశారు: నల్లగొండ యాదాద్రి జోన్‌లో, మహబూబ్‌నగర్ జోగులాంబ జోన్‌లో ఉన్నాయి. మధ్యలో జిల్లా మారితే చిక్కులు రావచ్చు. పదిహేనేళ్ల తర్వాత ఆ ఏళ్లకు రుజువు అడిగితే తెల్లమొహం వేయాల్సి వస్తుంది. కనుక రేషన్ కార్డు జిరాక్సు, కరెంటు బిల్లు, టీకాల కార్డు, అద్దె ఒప్పందం ఏ ఏడాదివి ఆ ఏడాది ఒక ఫైల్‌లో పెట్టండి. జనన ధ్రువపత్రంలో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ఇవాళే చూడండి. తేడా ఉంటే పిల్లకు 14 ఏళ్లు వచ్చే లోపే సరిచేయించండి.