ఇన్‌సబార్డినేషన్: ఉద్యోగులు నమ్మే అపోహలు - అసలు వాస్తవాలు

ట్రాన్స్‌ఫర్ల సీజన్ మొదలైతే చాలు, సర్వీస్ కేసులు చూసే మా ఆఫీసులో ఒకటే మాట: "బదిలీ మార్చమని రిప్రజెంటేషన్ (అర్జీ) పెట్టుకున్నాం సార్, అది తేలేదాకా జాయిన్ కానక్కర్లేదట." ఈ "అట"ను నమ్మి జీతాలు పోగొట్టుకున్నవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: అర్జీ పెండింగ్‌లో ఉంటే బదిలీ ఆర్డర్ ఆగినట్టే.

ఆగదు. గుజరాత్ విద్యుత్ బోర్డు, ఆత్మారామ్ సుంగోమల్ పోషాణీ కేసులో 1989లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. బదిలీని ఆపితేనో, మార్చితేనో, రద్దు చేస్తేనో తప్ప వెళ్లి చేరాల్సిందే. అర్జీ పెట్టుకున్నాననడం చేరకపోవడానికి కారణం కాదు. ఆ కేసులో ఉద్యోగిని తొలగించడాన్ని కోర్టు సమర్థించింది.

ఒక జిల్లా ఆఫీసు ఉద్యోగిని నా దగ్గరికి వచ్చారు. పాప పదో తరగతి, మధ్యలో బదిలీ. రిలీవ్ చేసేశారు, ఆవిడ చేరలేదు. నెలల తరబడి జీతం లేదు. అనధికార గైర్హాజరు, ఇన్‌సబార్డినేషన్ (పైవాళ్ల ఆర్డర్‌కు లోబడకపోవడం) అంటూ ఛార్జ్ మెమో, అంటే ఆరోపణలు రాసిన నోటీసు, చేతికొచ్చింది. ఫైల్లోంచి జాగ్రత్తగా ఒక కాగితం తీసి చూపించారు. ఇన్‌వార్డ్ సెక్షన్ గుండ్రటి ముద్ర ఉన్న అర్జీ నకలు, లామినేషన్ చేయించి మరీ దాచుకున్నారు. ఆ ముద్రనే స్టే అనుకున్నారు పాపం! ముందు వెళ్లి జాయిన్ అవ్వమన్నాను. జాయినింగ్ రిపోర్టులోనే "నా అర్జీ పెండింగ్‌లో ఉంది, నా హక్కులకు భంగం కలగకుండా చేరుతున్నాను" అని రాయించాను. చేరితే బదిలీని ఒప్పుకున్నట్టవుతుందని ఆవిడ భయం. ఆ వాక్యం ఉంటే ఆ భయం అక్కర్లేదు. చేరాక కూడా అర్జీ మీద పోరాడవచ్చు, కోర్టుకూ వెళ్లవచ్చు.

అపోహ: పై అధికారికి ఎదురు చెబితే ఇన్‌సబార్డినేషన్.

లాటిన్‌లో ఆర్డో అంటే వరస, సబ్ అంటే కింద. వరసలో పైవాడి కింద ఉండేవాడు సబార్డినేట్. ఆ వరసకు లోబడకపోవడం ఇన్‌సబార్డినేషన్. 18వ శతాబ్దం రెండో సగంలో ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. అంటే పదం పుట్టుకలోనే ఉన్నది స్థానానికి సంబంధించిన సంగతి, అభిప్రాయానికి సంబంధించింది కాదు. పరిశ్రమల్లో సర్వీసు నిబంధనల కోసం తెచ్చిన 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద వచ్చిన నమూనా నిబంధనలు కూడా చట్టబద్ధమైన, సమంజసమైన ఆర్డర్‌ను కావాలని ధిక్కరించడాన్నే దుష్ప్రవర్తన అన్నాయి. "కావాలని" అన్న మాటే ఇక్కడ కీలకం. అందుకే కృష్ణకాంత్ పర్మార్ కేసులో 2012లో సుప్రీంకోర్టు, గైర్హాజరు ఉద్దేశపూర్వకమని నిరూపించకుండా దుష్ప్రవర్తన అనడం కుదరదంది. ఆస్పత్రిలో ఉండి రాలేకపోయినవాళ్లు టెన్షన్ పడొద్దు, మెడికల్ కాగితాలన్నీ తేదీలవారీగా పెట్టుకోండి. నోట్ ఫైల్లో (ఆఫీసు అభిప్రాయాలు రాసే ఫైలు) "ఇది రూలుకు విరుద్ధం" అని మర్యాదగా రాయడం మీ పనే. బూతులు తిడితే మాత్రం అది వేరే ఛార్జ్.

అపోహ: నోటిమాట ఆర్డర్‌ను రాసివ్వమంటే ధిక్కారం.

కేంద్ర ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళి మూడో రూలు చూడండి. నోటిమాటగా చెప్పిన ఆదేశాన్ని రాతపూర్వకంగా ధ్రువీకరించమని అడగాల్సింది ఉద్యోగే, ధ్రువీకరించాల్సింది అధికారి.

అపోహ: ఛార్జ్ మెమో తీసుకోకపోతే కేసు నడవదు.

నడుస్తుంది. మీరు లేకుండానే ఎక్స్‌పార్టీ ఎంక్వైరీ పూర్తి చేసేస్తారు. పోస్ట్‌మ్యాన్‌ని వెనక్కి పంపమని సలహా ఇచ్చే యూనియన్ మిత్రులు దయచేసి ఆ సలహా మానండి. మెమో తీసుకోండి, గడువు చూసుకోండి, సమాధానం రాయడానికి కావలసిన డాక్యుమెంట్ల జాబితా ఆ వారంలోనే రాతపూర్వకంగా అడగండి.