కారు బేరంలో అపోహలు - వాస్తవాలు: డిస్కౌంట్ దగ్గరే ఆగిపోకండి

భీమవరం, అమలాపురం వైపు కార్ల షోరూముల్లో ఏళ్ళ తరబడి సేల్స్ చేసి, ఇప్పుడు బయటికొచ్చి కొనేవాళ్ళ తరఫున కొటేషన్లు చూసిపెట్టే పని చేస్తున్నాను. మన గోదావరి జిల్లాల జనం బేరంలో ఎవరికీ తీసిపోరు. పులస చేప దగ్గర అరగంట నిలబడి వెయ్యి తగ్గించగలిగిన మనిషే పన్నెండు లక్షల బండి దగ్గర మాత్రం "ఎంత తగ్గిస్తారండీ?" అని ఒక్క మాట అడిగి, ఇరవై వేలు తగ్గించామనగానే సంతకం పెట్టేసి వస్తాడు. ఆ ఇరవై వేలూ అదే కాగితం మీద ఇంకో మూడు లైన్లలో వెనక్కి వెళ్ళిపోయాయని ఇంటికొచ్చాక కూడా తెలియదు. రోజూ నా దగ్గరికొచ్చే మాటల్లో కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బేరమంతా కారు ధర మీదే.

ఎక్స్-షోరూం ధర (లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలపని బండి ధర) కంపెనీ పెట్టేది. అందులో డీలరుకు మిగిలేది చాలా మోడళ్ల మీద ఐదు శాతంలోపే, దాంట్లోంచే ఆయన జీతాలు, అద్దె, స్టాకు మీద వడ్డీ కట్టుకోవాలి. కాబట్టి ఆ ఒక్క లైన్ మీద ఎంత గింజుకున్నా ఒక స్థాయి దాటి రాదు. షోరూముకు అసలు డబ్బులొచ్చేది ఇన్సూరెన్స్ కమీషన్, లోన్ కమీషన్, యాక్సెసరీలు, పాత కారు ఎక్స్ఛేంజ్, ఇంకా "హ్యాండ్లింగ్" అనో "లాజిస్టిక్స్" అనో పేరు పెట్టి కలిపే చిల్లరలో. అందుకే నేను ముందు అడిగించేది డిస్కౌంట్ కాదు, ఆన్‌రోడ్ ధర (అన్నీ కలిపి బండి రోడ్డెక్కే ధర) మొత్తం లైన్ లైన్‌గా విడగొట్టి, షోరూం పేరు, తేదీ ఉన్న కాగితం మీద. నోటి మాట కుదరదు, ఎగ్జిక్యూటివ్ వాట్సాప్‌లో "సార్ 12.40 ఫైనల్" అని పెట్టింది కూడా కుదరదు.

ఆ కాగితం చేతికొచ్చాక రెండు రంగుల పెన్నులు తీసుకోండి. లైఫ్ టాక్స్, టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్), రిజిస్ట్రేషన్ ఫీజు, థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి) ప్రీమియం ప్రభుత్వ లెక్కలు, వాటిని ఒక రంగుతో గుర్తు పెట్టండి, వాటి మీద బేరం లేదు. ధర పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాడు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా పడుతుంది, కానీ అది మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు సర్దుకోవచ్చు, పోయే డబ్బు కాదు. పది లక్షలు దాటితే లైఫ్ టాక్స్ శాతం కూడా మారుతుంది గనక, ఆ గీతకు అటూ ఇటూ ఉన్న రెండు వేరియంట్ల మధ్య ఊగిసలాడేవాళ్ళు ఎక్స్-షోరూం తేడా కాకుండా ఆన్‌రోడ్ తేడా చూసుకోండి. మిగతా ప్రతి లైనూ రెండో రంగు, బేరానికి వచ్చేదే.

హ్యాండ్లింగ్ ఛార్జీ గురించి ఒక్క మాట. బండిని ఫ్యాక్టరీ నుంచి షోరూం దాకా తేవడం కంపెనీ ధరలోనే ఉంటుంది. విడిగా అడిగితే "ఏ రూలు ప్రకారం తీసుకుంటున్నారు, రసీదు ఇస్తారా" అనండి చాలు. ఎక్కువసార్లు అక్కడికక్కడే కొట్టేస్తారు. నంబర్ ప్లేటు కూడా అంతే, 2019 ఏప్రిల్ 1 నుంచి హై సెక్యూరిటీ ప్లేటు బండితో పాటే కంపెనీ ఇవ్వాలి.

ఇంకోటి, జీఎస్టీ తగ్గింపును డిస్కౌంట్ లెక్కలో కలిపి చూపిస్తే ఒప్పుకోకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోల్, 1500 సీసీ లోపు డీజిల్ కార్లకు 18 శాతం, అంతకంటే పెద్దవాటికి 40 శాతం, సెస్ తీసేశారు. అది ప్రభుత్వం తగ్గించినది. డీలర్ జేబులోంచి వచ్చింది వేరే లైన్లో కనబడాలి.

అపోహ: ఇన్సూరెన్స్ షోరూంలోనే తీసుకోవాలి, లేకపోతే వారంటీ పోతుంది, డెలివరీ ఇవ్వరు.

డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఫలానా దగ్గరే తీసుకోవాలని మిమ్మల్ని బలవంతం చేసే హక్కు డీలరుకు లేదు, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా అదే చెబుతున్నాయి. వారంటీ కంపెనీది, పాలసీ ఇన్సూరెన్స్ వాళ్ళది, ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు.

2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ తప్పనిసరి. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం దానికి 1000 సీసీ లోపు 6,521 రూపాయలు, 1500 లోపు 10,640, ఆపైన 24,596, దీని మీద జీఎస్టీ. ఇది ఏ కంపెనీలో తీసుకున్నా ఒకటే. తేడా వచ్చేది ఏడాదికి కట్టే ఓన్ డ్యామేజ్‌లో (మన బండికి జరిగే నష్టానికి), దాని మీద తగిలించే యాడ్-ఆన్‌లలో (అదనపు రక్షణల్లో). షోరూం కొటేషన్, బయటి కొటేషన్ పక్కపక్కన పెట్టినప్పుడు ఐడీవీ (పాలసీలో బండికి కట్టిన విలువ) ఒకటేనా, యాడ్-ఆన్‌లు అవేనా అని చూడండి, అవి సమానం చేశాక కూడా పది పదిహేను వేలు తేడా రావడం మామూలే. ఆ బయటి కాగితం చూపిస్తే సగంమంది అక్కడే తగ్గిస్తారు. తగ్గిస్తే షోరూంలోనే తీసుకోండి, రేపు క్లెయిమ్ వచ్చినప్పుడు వాళ్ళ వర్క్‌షాపులోనే పని గనక తిరుగుడు తగ్గుతుంది. తగ్గించకపోతే బయట తీసుకోండి, ఆ కంపెనీకి ఈ వర్క్‌షాపులో క్యాష్‌లెస్ (బిల్లు వాళ్ళే నేరుగా కట్టే ఏర్పాటు) ఉందో లేదో మాత్రం ముందే కనుక్కోండి.

అయితే ప్రీమియం తగ్గించాలన్న ఆవేశంలో మనవాళ్ళు ముందుగా కొట్టేసేది ఇంజిన్ ప్రొటెక్షన్. డెల్టాలో ఉండి అది తీసేయకండి. కనకాయలంక కాజ్‌వే మీదకు నీళ్ళొచ్చాయని ప్రతి వరదకూ వింటూనే ఉంటాం, అంతదాకా ఎందుకు, గట్టి వాన పడితే మన టౌన్లలోనే మోకాళ్ళ లోతు నిలుస్తుంది. నీళ్ళలో ఆగిపోయిన బండిని మళ్ళీ స్టార్ట్ చేస్తే నీరు సిలిండర్లోకి లాగి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, మామూలు పాలసీ దాన్ని మీ వల్ల జరిగిన నష్టం అంటుంది. కొట్టేయాలంటే కీ పోయినందుకు ఇచ్చేది, సామాన్లు పోయినందుకు ఇచ్చేది కొట్టేయండి.

పాత కారుకు నో క్లెయిమ్ బోనస్ ఉందా? అది కారుది కాదు, మీది. క్లెయిమ్ లేకుండా ఐదేళ్ళయితే 50 శాతం దాకా ఉంటుంది. పాత కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో తగ్గుతుంది. షోరూం వాళ్ళు తమంతట తాము అడగడం నేను పెద్దగా చూడలేదు.

అపోహ: మొత్తం క్యాష్ పెడితే ఎక్కువ తగ్గిస్తారు.

రొయ్యల పట్టుబడి అయ్యాక సంచితో వచ్చే రోజులు పోయాయి బాబాయ్. ఒక కొనుగోలుకు రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో 2017 నుంచి ఉంది, తీసుకున్నవాడికి అంత మొత్తమూ పెనాల్టీ పడొచ్చు, కాబట్టి బుద్ధున్న డీలర్ తీసుకోడు. పైగా లోన్ పెట్టిస్తే బ్యాంకు నుంచి కమీషన్ వస్తుంది గనక, లోన్ కస్టమరే వాళ్ళకు ముద్దు. మీ దగ్గర డబ్బున్నా మొదటి రోజే ఆ సంగతి చెప్పకండి. ధర కాగితం మీదకొచ్చాక చెప్పండి.

అపోహ: ఈఎంఐ తక్కువైతే మంచి డీల్.

"నెలకు ఎంత కట్టగలరు సార్?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పకండి. చెప్పారంటే ఆ అంకెకు తగ్గట్టు ఏళ్ళు సాగదీస్తారు. ఎనిమిది లక్షల లోన్ 9 శాతం మీద ఐదేళ్ళకైతే నెలకు సుమారు 16,600, మొత్తం వడ్డీ లక్షా తొంభై ఆరు వేలు. అదే ఏడేళ్ళకు పెడితే నెలకు 12,900 దగ్గరికి వస్తుంది, వినడానికి హాయిగా ఉంటుంది, వడ్డీ మాత్రం రెండు లక్షల ఎనభై వేలు దాటుతుంది. ఇక "6 శాతమే సార్" అన్నప్పుడు అది ఫ్లాటా (చివరిదాకా మొదటి అసలు మొత్తం మీదే వడ్డీ), రెడ్యూసింగా (మిగిలిన అసలు మీదే వడ్డీ) అని అడగండి. ఐదేళ్ళ లోన్‌కు 6 శాతం ఫ్లాట్ అంటే నిజానికి దాదాపు 11 శాతం. మీ జీతం, పంట డబ్బు పడే బ్యాంకులో ఒకసారి కనుక్కుని, ఆ రేటు చేతిలో పెట్టుకుని షోరూంకి వెళ్ళండి. ముందే కట్టేస్తే ఛార్జీ ఎంతో కూడా అడగండి, దాళ్వా (రబీ వరి) డబ్బు రాగానే సగం తీర్చేద్దాం అనుకునే రైతులకు అదే ముఖ్యం.

అపోహ: యానాంలో రిజిస్ట్రేషన్ చేయిస్తే లక్షలు మిగులుతాయి.

ఎదుర్లంక వంతెన దాటితే యానాం, అంటే పుదుచ్చేరి ప్రాంతం, పెట్రోల్ తక్కువ, టాక్స్ తక్కువ, నిజమే. కానీ యానాం వాళ్ళ పీవై 04 నంబరుకు అక్కడ చిరునామా ఉండాలి, లేని చిరునామా చూపించడం నేరం. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో ఏడాది మించి ఉంచుకుంటే అక్కడి నంబరుకు మార్చుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. బండి మీ ముమ్మిడివరంలోనో కాకినాడలోనో తిరుగుతుంటే పట్టుకున్న రోజు టాక్స్, పెనాల్టీ రెండూ కట్టాలి. యానాంలో నిజంగా కాపురం ఉంటే సంతోషంగా కొనుక్కోండి.

దీని తమ్ముడే "విజయవాడలో కొంటే చౌక" అన్నది. కంపెనీ ధర, లైఫ్ టాక్స్ రాష్ట్రమంతా ఒకటే, 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 నంబరు వచ్చాక ఏపీ 05, ఏపీ 37 అన్న జిల్లా తేడా కూడా లేదు. అక్కడ షోరూములు ఎక్కువ గనక పోటీ ఉంటుంది, అంతే. అక్కడి కొటేషన్ తెచ్చి మన షోరూంలో చూపించండి, సర్వీసుకు రేపు వెళ్ళేది ఇక్కడికే కదా.

అపోహ: దసరాకి, సంక్రాంతికే మంచి ఆఫర్లు.

పండక్కి బ్యానర్లు పెద్దవి. బేరం చేసే చోటు మాత్రం చిన్నది, ఎందుకంటే విజయదశమి రోజు పొద్దున్నే అయినవిల్లి వినాయకుడి దగ్గర పూజ చేయించాలని మీరు చెప్పేశాక డీలర్‌కి ఇక తొందరేముంది? సంక్రాంతికి అమెరికా అల్లుళ్ళు దిగే వారం అయితే చెప్పనే అక్కర్లేదు. నన్నడిగితే ఆషాఢం మంచిది. శూన్యమాసమని ఎవరూ రారు, ఎగ్జిక్యూటివ్‌కి టార్గెట్ మాత్రం ఉంటుంది. పట్టింపు ఉన్నవాళ్ళు ఆషాఢం చివర్లో ధర ఖాయం చేసుకుని, రాతపూర్వకంగా తీసుకుని, శ్రావణంలో డెలివరీ తీసుకోండి. ఆలోపు కంపెనీ ధర పెంచితే ఎవరు భరించాలో కూడా అందులో రాయించుకోండి. నెలాఖరు, మార్చి ఆఖరు కూడా పనిచేస్తాయి. "ఈ రోజే లాస్ట్ అండి, రేపు ఈ స్కీం ఉండదు" అన్న మాటకు మాత్రం టెన్షన్ పడకండి, నేనూ ఎన్నోసార్లు అన్నదే అది.

డిసెంబర్ ఆఫర్ నిజంగానే పెద్దది, కారణం కూడా నిజమే: ఆర్‌సీలో తయారీ నెల, సంవత్సరం పడుతుంది, జనవరి వస్తే ఆ బండి ఒక ఏడాది పాతదైపోతుంది. పదేళ్ళు వాడేవాళ్ళకు లాభం. మూడేళ్ళకు మార్చేవాళ్ళు ఆ తగ్గింపు మళ్ళీ అమ్మేటప్పుడు పోగొట్టుకుంటారు.

అపోహ: ఎక్స్ఛేంజ్ బోనస్ అంటే అదనంగా వచ్చిన డబ్బు.

పాత కారును బయట నాలుగున్నర లక్షలకు కొనేవాడున్నప్పుడు షోరూం నాలుగు లక్షలు కట్టి, నలభై వేలు బోనస్ ఇచ్చిందంటే మీకొచ్చిందేమిటి? ముందు కొత్త కారు ధర తేల్చండి, పాతది తర్వాత మాట్లాడండి, రెండూ కలిపి మాట్లాడితే ఏది ఎంత తగ్గిందో మీకే తెలియదు. ఇద్దరు ముగ్గురు బయటివాళ్ళకు చూపించి ధర చెప్పించుకోండి. పాత బండి ఎవరికిచ్చినా ఆర్‌సీ మీ పేరు మీద నుంచి మారేదాకా వెంటపడండి. పేరు మారని బండితో ప్రమాదం జరిగితే బాధ్యత ఆర్‌సీలో ఉన్న ఓనరుదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది.

యాక్సెసరీల గురించి ఎక్కువ రాయను. టెఫ్లాన్ కోటింగ్ వద్దు. సీటు కవర్లు, మ్యాట్లు బయట తక్కువ. "ఫ్రీ యాక్సెసరీలు 25 వేలు" అంటే ఆ 25 వేలూ ధరలో తగ్గించమనండి, ఎంత తగ్గిస్తారో దాని అసలు విలువ అంతే. కంపెనీ ఇచ్చే ఎక్స్‌టెండెడ్ వారంటీ మాత్రం నేను తీసుకోమనే చెబుతాను. అంతర్వేది, ఉప్పాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళవాళ్ళకు, రోజూ ఉప్పునీటి చెరువుల గట్ల మీద తిరిగేవాళ్ళకు కింద యాంటీ రస్ట్ పనికొస్తుంది.

ఈమధ్య కుర్రాళ్ళు వ్యాన్ కొని, సీట్లు పీకేసి, మంచం, స్టవ్ పెట్టి మారేడుమిల్లి వెళ్దామంటున్నారు. ఆర్టీవో అనుమతి లేకుండా అలా మారిస్తే 52వ సెక్షన్‌కు విరుద్ధం, ప్రమాదమైతే క్లెయిమ్ కూడా పోతుంది. ఇంట్లో తయారుచేసుకునే పని కాదది. అధీకృత బిల్డర్ దగ్గర, క్యాంపర్ వ్యాన్ అని ఆర్‌సీలో పడేలా చేయించుకోండి.

చివరికి డబ్బు కట్టే రోజు. బుకింగ్ రూపాయి నుంచి ఆఖరి రూపాయి దాకా షోరూం బ్యాంకు ఖాతాకే పంపండి, ఎగ్జిక్యూటివ్ ఫోన్‌పేకి కాదు, ఆయన ఎంత మన ఊరివాడైనా సరే. ఇన్‌వాయిస్ వేయకముందే, టీఆర్ కట్టకముందే పగటిపూట యార్డుకెళ్ళి మీకిచ్చే బండిని చూడండి. ఛాసిస్ నంబర్ కాగితంలోదే కావాలి, టైరు మీద తయారీ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి, 3225 అంటే 2025లో 32వ వారం, ఐదు టైర్లూ దాదాపు ఒకే సమయంలో వచ్చినవి కావాలి. రంగులో తేడా, తలుపుల దగ్గర బోల్టులు విప్పిన గుర్తులు ఉంటే అక్కడే ఇంకో బండి అడగండి. టీఆర్ మీ పేరు మీద పడ్డాక అడిగితే టచప్ చేసిస్తామంటారు, బండి మార్చరు.