జూమ్, స్క్రోల్ బటన్లు: అపోహలు - వాస్తవాలు

కర్నూలులో పటాలు, ప్లాన్లు తెరపై చూపే ప్రోగ్రాములు రాయడం నా వృత్తి. పటం మూలన కనిపించే ప్లస్, మైనస్, బాణం బటన్లను చాలామంది ఒక పూటలో తేలిపోయే పనిగా లెక్కగడతారు. ఆ లెక్క వెనుక ఉన్న అపోహలు ఇవి.

అపోహ: మౌస్ వీల్, రెండు వేళ్ల జూమ్ ఉండగా బటన్లు దేనికి?

వాస్తవం: మా ఎండల్లో చెమట పట్టిన వేళ్లతో టచ్ తెరను వాడేవారిని చూస్తే ఈ ప్రశ్న రాదు. చేయి వణికేవారికి, ఒక వేలితోనే పని చేసుకోవలసినవారికి రెండు వేళ్ల సైగ అసలే కుదరదు. అందుకే 2018లో వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ వెలువరించిన వెబ్ కంటెంట్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్ 2.1, అలాంటి సైగతో జరిగే పనికి, ఆ సైగే తప్పనిసరి అయిన సందర్భాల్లో తప్ప, ఒక్క వేలితో చేసుకునే దారి కూడా ఉండాలంటుంది. 2023 నాటి 2.2 తాకే చోటుకు కనీసం 24 × 24 సీఎస్ఎస్ పిక్సెళ్లు (వెబ్ పేజీల కొలమానం) ఉండాలని, కొన్ని మినహాయింపులతో, చెప్పింది. నా దృష్టిలో అదీ చాలదు; ఆండ్రాయిడ్ సూచించే 48 డీపీ (తెర పిక్సెళ్ల సాంద్రతతో సంబంధం లేని కొలత) వేలికి హాయిగా ఉంటుంది.

అపోహ: ప్లస్ నొక్కితే స్కేలు పెరుగుతుంది, అంతకుమించి ఏమీ లేదు.

వాస్తవం: స్కేలు మారినప్పుడు ఏ బిందువు కదలకుండా ఉండాలో నిర్ణయించడమే ఇక్కడ అసలు పని. తెరలో పటం కనిపించే 600 పిక్సెళ్ల ఎత్తున్న కిటికీ, 3,000 పిక్సెళ్ల ఎత్తున్న కర్నూలు పటం ఉన్నాయనుకుందాం. నిలువు స్క్రోల్ విలువ, అంటే కిటికీ పై అంచున ఉన్న పటం పిక్సెల్, 1,500 దగ్గర ఉండగా, తుంగభద్రలో హంద్రి కలిసే చోటు సరిగ్గా కిటికీ మధ్యలో, అంటే పటంలో 1,800వ పిక్సెల్ వద్ద ఉంది. రెండింతలు జూమ్ చేస్తే ఆ చోటు 3,600కు వెళుతుంది. స్క్రోల్ విలువను 1,500 దగ్గరే వదిలేస్తే కిటికీలో 1,500 నుంచి 2,100 వరకే కనిపిస్తుంది కనుక సంగమం తెర దాటిపోతుంది. దాన్ని మధ్యలోనే నిలపాలంటే కొత్త విలువ 3,600 నుంచి కిటికీలో సగమైన 300 తీసేయగా వచ్చే 3,300 కావాలి.

ఇంత లెక్క సరిగా కట్టినా పటం ఎగిరిపడే సందర్భం ఒకటుంది. స్క్రోల్‌బార్ గరిష్ఠ విలువ పటం ఎత్తులోంచి కిటికీ ఎత్తు తీసేయగా మిగిలేది; అది జూమ్‌కు ముందు 2,400, తరువాత 5,400. గరిష్ఠాన్ని మార్చకముందే 3,300 అని రాస్తే స్క్రోల్‌బార్ దాన్ని నోరు మెదపకుండా 2,400కు కుదించేస్తుంది. అందువల్ల ముందు పరిధిని మార్చి, ఆ తరువాతే విలువను రాయాలి. సూత్రంలో తప్పు వెతుకుతూ కూర్చునేవారు ముందుగా ఈ వరుసను చూసుకోవడం మేలు.

అపోహ: ప్రతి నొక్కుకు పది శాతం కలపడం, తీసేయడం సమంజసం.

వాస్తవం: 20 నుంచి 30 శాతానికి వెళితే బొమ్మ ఒకటిన్నర రెట్లవుతుంది, 400 నుంచి 410కి వెళితే తేడా కంటికి ఆనదు. కలపడం కాకుండా గుణించాలి. ప్లస్ 1.25తో గుణిస్తే మైనస్ 1.25తోనే భాగించాలి, అలా కాక 25 శాతం తగ్గిస్తే 100 నుంచి 125కు వెళ్లి, తిరిగి 93.75కు చేరతాం. ఎన్నో జూమ్ మెట్టులో ఉన్నామో ఆ సంఖ్యను పూర్ణాంకంగా దాచుకొని స్కేలును ప్రతిసారీ దాని నుంచే లెక్కగడితే దశాంశ దోషాలు పేరుకోవు.

అపోహ: బటన్ నొక్కి పట్టినంతసేపూ కదలాలంటే క్లిక్ ఫంక్షన్‌లో (నొక్కగానే నడిచే కోడ్‌లో) లూప్, అంటే అదే పనిని మళ్లీ మళ్లీ చేసే ఆదేశం, పెడితే సరిపోతుంది.

వాస్తవం: ఆ లూప్ నడుస్తున్నంతసేపూ వేలు ఎత్తిన సంగతి ప్రోగ్రాముకు అందదు, తెర కూడా బిగుసుకుపోతుంది. ఈ పనికి టైమర్ వాడాలి. విండోలు, బటన్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ సాధనం క్యూటీలో అయితే బటన్‌కు ఆటో రిపీట్ ఆన్ చేస్తే చాలు. వేరే విలువలు ఇవ్వకపోతే మొదటి నొక్కు తరువాత 300 మిల్లీసెకన్లు ఆగి, ఆపై 100 మిల్లీసెకన్లకొకసారి క్లిక్ సంకేతం వస్తుంది. సొంతంగా రాసుకునేవారు మాత్రం కర్సర్ బటన్ దాటిపోయినప్పుడు, విండో ఫోకస్ పోయినప్పుడు టైమర్‌ను ఆపడం మరవకూడదు.

ఇక జూమ్ హద్దుకు చేరినప్పుడు బటన్‌ను మాయం చేయడం మంచిదనే అపోహ కూడా ఉంది. మాయమైతే పక్క బటన్లు జరిగి, వేలు మరో దాని మీద పడుతుంది. ఉన్నచోటనే బూడిద రంగులో నిలిపి ఉంచాలి.