భోజనశాలలో పాటకు ధర: ‘స్వీట్‌హార్ట్స్’ నాటి తగవు

అమెరికాలో హోటళ్లు, బార్లు, భోజనశాలలు పాటలకు కట్టవలసిన రుసుము మీద తగవు మళ్లీ రాజుకుంది. పాటల రచయితలు, స్వరకర్తల తరఫున రుసుము వసూలు చేసే ఒక హక్కుల సంఘానికి సొమ్ము కట్టి ఊపిరి పీల్చుకునేలోగా మరో సంఘం బిల్లుతో గుమ్మంలో నిలుస్తోందని యజమానులు మొరపెట్టుకోగా, ప్రతినిధుల సభ న్యాయ కమిటీ సభ్యులు కోరిన మీదట అక్కడి కాపీరైట్ కార్యాలయం 2025 ఫిబ్రవరిలో అభిప్రాయ సేకరణ మొదలుపెట్టింది. ఆస్కాప్, బీఎంఐ, సెసాక్, జీఎంఆర్ అనే నాలుగు సంఘాల పుట్టుపూర్వోత్తరాలు ఎక్కడైనా దొరుకుతాయి కనుక వాటిని ఇక్కడ తిరగదోడడం లేదు. తిండి పెట్టేచోట వినిపించే పాటకు ఎందుకు డబ్బివ్వాలన్న ప్రశ్న తేలింది 1917లో, అదీ ఒక ప్రేమకథలోని వాల్ట్జ్ (జంట నృత్యపు బాణీ) పాట కారణంగా.

విక్టర్ హెర్బర్ట్ స్వరపరచిన ‘స్వీట్‌హార్ట్స్’ అనే ఆపరెట్టా (పాటలతో సాగే తేలికపాటి సంగీత నాటకం) 1913 సెప్టెంబరు 8న న్యూయార్క్‌లోని న్యూ ఆమ్‌స్టర్‌డామ్ థియేటర్‌లో మొదలై 136 ప్రదర్శనలు నడిచింది. పసితనంలోనే రాజ్యం దాటించగా బ్రూజ్ నగరంలో బట్టలుతికే ఇంట పెరిగిన రాజకుమారి సిల్వియా, ఆమె ఎవరో తెలియకుండానే మనసిచ్చిన రాజకుమారుడు ఫ్రాంజ్, ఆమెతో పెళ్లి కుదుర్చుకుని కూడా ఒకచోట నిలవని చపలచిత్తుడైన సైనికాధికారి, చివరకు గుట్టు బయటపడి ప్రేమికులిద్దరికీ పెళ్లీ సింహాసనమూ కలిసిరావడం, ఇదీ కథ. మన పాత జానపద చిత్రాలు చూసినవారికి ఇందులో కొత్త ఏమీ కనిపించదు. అయితే నాటకం పేరే పేరుగా ఉన్న పాట మాత్రం థియేటర్ గోడలు దాటి ఊళ్లో పడింది.

ఊళ్లో పడిన పాట వల్ల స్వరకర్తకు దక్కేది చాలా తక్కువ. నాటకం టిక్కెట్లలో వాటా, అచ్చయిన స్వరపత్రాల అమ్మకం మీద కొంత సొమ్ము, అంతే. ‘లాభం కోసం బహిరంగంగా ప్రదర్శించే’ హక్కు పాట యజమానిదేనని 1909 నాటి చట్టం స్పష్టంగానే చెప్పినా, బ్రాడ్వే భోజనశాలలలో రాత్రంతా వాద్యబృందాలు వాయిస్తున్న పాటలకు ఎవరూ పైసా ఇచ్చేవారు కారు. పారిస్‌లో ఈ లెక్క ఏనాడో మొదలైంది. అక్కడ 1847లో ఎర్నెస్ట్ బూర్జే అనే రచయిత, తన పాటను ఉచితంగా వాడుకుంటున్న కెఫేలో తాను తాగినదానికి డబ్బు కట్టనని మొండికేశాడు; ఆ పేచీ నుంచి పుట్టిన సంఘమే సాసెమ్. దాన్ని చూసి 1914 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఆస్కాప్ ఏర్పడింది. దాని స్థాపకులలో హెర్బర్ట్ ముఖ్యుడు.

సంఘం పుట్టినంత మాత్రాన సొమ్ము రాలదు. దావా ఒకటి గెలవాలి. బ్రాడ్వే మీది షాన్లీస్ భోజనశాలలో జీతాలు తీసుకునే గాయకులు వాద్యబృందంతో కలిసి ‘స్వీట్‌హార్ట్స్’ పాట పాడారని హెర్బర్ట్ పక్షం కోర్టుకెక్కింది. మా దగ్గర ప్రవేశ రుసుము లేదు, జనం వచ్చేది భోజనానికి, కాబట్టి పాట లాభం కోసం కాదు అన్నది షాన్లీస్ వాదన. వాండర్‌బిల్ట్ హోటల్‌లో వాయించిన, అమెరికన్ స్వరకర్త జాన్ ఫిలిప్ సూజా కట్టిన కవాతు బాణీపై నడిచిన జంట వ్యాజ్యంలోనూ హోటల్ వారు ఇదే మాట పట్టుకున్నారు. అప్పీలు కోర్టు రెండు వ్యాజ్యాలలోనూ యజమానుల వైపే మొగ్గింది.

1917 జనవరి 22న సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ ఆలివర్ వెండెల్ హోమ్స్ ఆ తీర్పులను తిరగగొట్టాడు. తీర్పు చాలా చిన్నది, ఏకగ్రీవం. గుమ్మం దగ్గర టిక్కెట్ తీసుకుంటేనే హక్కు వర్తిస్తుందంటే ఆ హక్కుకు రక్షణ అరకొరగానే మిగులుతుందన్నాడు. అతిథి చెల్లించే మొత్తంలో సంగీతమూ ఒక భాగమేననీ, జనం సంగీతం కోసమే రారన్నది నిజమైనా, మరెక్కడో ఇంకా చౌకగా దొరికే తిండి కోసం మాత్రమే కూడా రారనీ గుర్తుచేశాడు. సంగీతం గిట్టుబాటు కాకపోతే మానేస్తారు, గిట్టుబాటయితే ఆ డబ్బు జనం జేబులోంచే వస్తుంది. గిట్టినా గిట్టకపోయినా దాన్ని పెట్టిన ఉద్దేశం లాభమే, అది చాలు అని తేల్చాడు. నేటి వాదనలలో పాత్రల పేర్లు మారాయి గానీ, ఈ నాలుగు మాటలకు సూటి జవాబు ఇంతవరకు ఏ యజమానుల సంఘం నుంచీ రాలేదు.

తరువాతి కథ ఈ సూత్రం సాగుతూ పోయిన కథే. టిక్కెట్ అన్నమాటే లేని రేడియోలో పాటలతో పాటు దుకాణం పేరు వినిపించడం కూడా లాభాపేక్షేనని 1923లో న్యూజెర్సీ కోర్టు అంది. యజమానుల పట్టు నెగ్గింది 1998లో: 3,750 చదరపు అడుగుల లోపు ఉన్న భోజనశాలలు రేడియో, టీవీ పెట్టుకుంటే రుసుము అక్కర్లేదని చట్టం వచ్చింది. ఆ మినహాయింపు అంతర్జాతీయ ఒప్పందానికి విరుద్ధమని ప్రపంచ వాణిజ్య సంస్థ విచారణ బృందం 2000లో తప్పుపట్టినా అది నేటికీ అమలులో ఉంది.

మన దేశంలో ఇదే ప్రశ్న పెళ్లి పందిట్లోకి నడిచివచ్చింది. కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ మతపరమైన వేడుకలకు మినహాయింపు ఇస్తూ, పెళ్లి ఊరేగింపునూ పెళ్లితో ముడిపడిన ఇతర వేడుకలనూ అందులో చేర్చింది. దీని ఆధారంగా పెళ్లిళ్లలో పాటలకు రుసుము అడగరాదని కేంద్రం 2023 జూలై 24న ప్రకటన ఇచ్చింది. గోవా ప్రభుత్వం అదే దారిలో జారీచేసిన సర్క్యులర్‌ను 2024 ఆగస్టులో బొంబాయి హైకోర్టు గోవా ధర్మాసనం కొట్టివేసింది. పెళ్లివారు పాడుకునే పాట వేరు, లక్షలు తీసుకుని హాలు, భోజనం, డీజే కలిపి అమ్మే ప్యాకేజీలోని పాట వేరు. ఈ రెండో రకం హోటలు మాత్రం షాన్లీస్‌కు దగ్గరి చుట్టమే.

అమెరికా యజమానులు ఇప్పుడు పాత వాదనను పక్కనబెట్టి, ఎన్ని సంఘాలకు కట్టాలో, ఏ పాట ఎవరి చేతిలో ఉందో ముందే చెప్పమంటున్నారు. ఆ కోరిక న్యాయమైనదే. అయితే దావా గెలిచినా స్వరకర్తల చేతికి సొమ్ము అందడం ఆలస్యమే: హెర్బర్ట్ 1924లో చనిపోయేనాటికి ఆస్కాప్ సభ్యులకు పంపకాలు మొదలై మూడేళ్లే అయింది.