భూసేకరణ నోటీసు వచ్చిందా? ఈ మాటలు నమ్మకండి

శ్రీకాకుళం కోర్టులో భూసేకరణ కేసులు చూస్తుంటాను. నా దగ్గరకు వచ్చేవాళ్ళలో చాలామంది అప్పటికే ఎక్కడో ఒకచోట సంతకం పెట్టేసి వస్తారు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

అపోహ: డబ్బు తీసుకుంటే ఇక కోర్టుకు వెళ్ళలేం.

వెళ్ళొచ్చు. అయితే తీసుకునేటప్పుడే 'అండర్ ప్రొటెస్ట్' అని, అంటే ఈ మొత్తం చాలదంటూనే తీసుకుంటున్నానని రాయాలి. 2013 భూసేకరణ చట్టం 77వ సెక్షన్ ఈ వీలు ఇచ్చింది. ఆ మాట రాయకపోతే, పరిహారం పెంచమని 64వ సెక్షన్ కింద అడిగే హక్కు పోతుంది. బ్యాంకు ఖాతాలో పడేదైనా సరే, ముందే అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి. అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు, ఇచ్చినప్పుడు మీరు కలెక్టరు ఎదుటే ఉంటే, పెంచమని అడగడానికి గడువు ఆరు వారాలే. కన్సెంట్ అవార్డు, అంటే మొత్తానికి ఒప్పుకుంటూ రాసిచ్చేది, దాని సంగతి వేరు, దాని మీద సంతకానికి ముందే వకీలుకు చూపించండి.

అపోహ: పట్టా లేనివాళ్ళకు ఏమీ రాదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. మన దగ్గర కౌలు చాలావరకు నోటిమాటే. ఆమధ్య ఒక పెద్దాయన వచ్చాడు. "బాబూ, నా పేరున సెంటు లేదు, నాకెవరిస్తారు?" అన్నాడు. చేతిలో పాలిథిన్ కవరు. అందులో మడతలు పడిన ఎరువుల బిల్లులు, ధాన్యం అమ్మిన చీటీలు, ఉపాధి హామీ జాబ్‌కార్డు. ఎందుకూ పనికిరావనుకుంటూనే దాచాడు. అతనికి ఉన్న ఆధారాలు అవే.

సేకరణకు ముందు మూడేళ్ళుగా ఆ భూమే ప్రధాన జీవనాధారమైతే కౌలుదారు, పాలుకు చేసేవాడు, వ్యవసాయ కూలీ, చేతివృత్తివాళ్ళు కూడా చట్టం దృష్టిలో బాధిత కుటుంబాలే. వాళ్ళకు భూమి ధర రాదు, పునరావాసం రావాలి. ప్రాజెక్టులో ఉద్యోగాలుంటే ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా 20 ఏళ్ళపాటు నెలకు కనీసం 2,000. బాధిత కుటుంబాల జాబితాలో పేరు ఎక్కకపోతే ఇవేవీ రావు. గ్రామసభ రోజు కూలికి వెళ్ళిపోకండి, అక్కడుండి మీ పేరు సంగతి చూసుకోండి.

అపోహ: బీల (నీళ్ళు నిలిచే తడి నేల) అంటే వృథా భూమి.

సోంపేటలో థర్మల్ కేంద్రం పెడతామన్నప్పుడూ ఇదే మాట. ఆ తడి నేల మీదే పశువుల మేత, చేపల వేట, చుట్టుపక్కల పొలాల నీళ్ళు ఆధారపడ్డాయి. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది.

అపోహ: ధర నేలకే, చెట్లకు కాదు.

ఉద్దానంలో జీడి, కొబ్బరే కదా బతుకు! చెట్లకు విడిగా విలువ కట్టాలి, సొలేషియం, అంటే ఇష్టం లేకున్నా తీసుకుంటున్నందుకు పరిహారంపై అదనంగా ఇచ్చే మొత్తం, దానిమీదా వస్తుంది. లెక్కపెట్టే రోజు తోటలో ఉండండి. కాయలు దిగే ప్రతి చెట్టూ పంచనామాలో ఉందో లేదో చదివించుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టండి.